కుట్లు చీము పట్టిన వాళ్ల లెక్క ఏ రిజిస్టర్‌లో ఉంది? వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ప్రభుత్వ సర్జన్లకు, గైనిక్ డాక్టర్లకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో 19 ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లోనే గడిచాయి. మీలో కొందరికి కత్తీ కత్తెరా అందించినదాన్ని. మీ పని ఎంత కష్టమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్యాదలు అక్కడికి చాలు, విషయానికి వస్తాను.

ఇది నా మొదటి కాగితం కాదు. ముందు మా ఊరి పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారికి అర్జీ రాసిచ్చాను. "చూద్దాంలే అమ్మా" అన్నారు. రెండు నెలలు ఆగి సోమవారం ప్రజావాణికి వెళ్లాను. రసీదు ఇచ్చారు. ఆ అర్జీ నాలుగు టేబుళ్లు తిరిగి మళ్లీ అదే సూపరింటెండెంట్ గారి దగ్గరికి చేరిందని తర్వాత తెలిసింది. చివరికి సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడిగాను. గత ఏడాది ఈ ఆసుపత్రిలో ఎన్ని పెద్ద ఆపరేషన్లు జరిగాయి? వాళ్లలో ఎంతమందికి కుట్లు చీము పట్టాయి? దాని కోసం ఎంతమంది మళ్లీ అడ్మిట్ అయ్యారు? మొదటిదానికి అంకె వచ్చింది. మిగతా రెండింటికీ కలిపి ఒకే వాక్యం: "అట్టి రిజిస్టరు ఈ కార్యాలయమునందు నిర్వహించబడుట లేదు."

ఆ వాక్యం గురించే ఈ లేఖ.

మా చెల్లెలి కూతురికి తొలి కాన్పు. సిజేరియన్ చేశారు. చేసిన డాక్టరమ్మ చెయ్యి మంచిదే, కోత చూస్తేనే తెలుస్తుంది. బిడ్డ మూడు కిలోలు, ఇంటిల్లిపాదీ సంతోషం. ఐదో రోజు పొద్దున "పెద్దమ్మా, కుట్ల దగ్గర తడితడిగా ఉంది" అంది. నైటీ మీద రూపాయి బిళ్లంత పచ్చటి మరక. పక్కన వేలు పెట్టి చూస్తే చర్మం కాలుతోంది. డ్యూటీ డాక్టరు గారికి చెబితే "కొంచెం చీము రావడం మామూలే, టెన్షన్ పడకండి" అన్నారు. ఏడో రోజుకు కుట్లు విడిపోయాయి.

డ్రెస్సింగ్ చేసేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. ఇన్నేళ్ల అలవాటు, కళ్లు ఊరుకోవు. ట్రాలీ ఒకటో మంచం దగ్గర మొదలై పదకొండో మంచం దాకా వెళ్లింది. చేతులకు అవే గ్లవ్స్. అదే కిడ్నీ ట్రే. అదే ఫోర్సెప్స్, మధ్యమధ్యలో ఒక సీసాలో ముంచి తీయడమే. వార్డులో చేతులు కడుక్కునే కొళాయి తిప్పితే గాలి వచ్చింది. గోడకున్న హ్యాండ్‌రబ్ సీసా నొక్కితే అదీ గాలే. ఇక గాజ్ గుడ్డలు ఉండే డ్రమ్ము. దాని మూతకు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) టేప్ అంటించి ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఆ టేప్ మీద లేత గీతలు ఉంటాయి. లోపల ఆవిరి తగిలితే నల్లబడతాయి. నల్లబడినంత మాత్రాన క్రిములన్నీ చచ్చాయని గ్యారంటీ లేదు. కానీ నల్లబడలేదంటే ఆ డ్రమ్ముకు ఆవిరి సరిగా తగల్లేదనే లెక్క. ఆ రోజు గీతలు లేతగానే ఉన్నాయి. సిస్టర్‌ని అడిగితే "రాత్రి కరెంటు పోయిందక్కా, జనరేటర్ మీద ఆటోక్లేవ్ లాగదు" అంది. ఆ అమ్మాయిని అనడానికేం లేదు, 40 మంది పేషెంట్లకు ఒక్కతే. టేప్ ముక్క ఊడదీసి నా పర్సులో పెట్టుకున్నాను. తర్వాత రెండు రోజులూ అలాగే తీసుకున్నాను. మూడింటిలో రెండు తెల్లమొహం వేసుకునే ఉన్నాయి.

మా పిల్ల ఆసుపత్రిలో 23 రోజులు ఉంది. మళ్లీ మత్తిచ్చి మళ్లీ కుట్లు వేశారు. బిడ్డకు డబ్బా పాలు. అల్లుడు ఆటో నడుపుతాడు. ఆ 23 రోజులూ ఆటో ఆసుపత్రి గేటు దగ్గరే. బయట కొన్న ఇంజెక్షన్లకూ తిండికీ కలిపి నూటికి మూడు రూపాయల వడ్డీ మీద 40 వేలు తెచ్చాడు. ఇదంతా ఉచిత వైద్యమే.

ఇక విక్టోరియా రాణి కాలంలోకి ఎందుకు వెళ్తున్నానో చెప్పాలి. రిటైరయ్యాక ఒక నర్సింగ్ స్కూల్లో వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను. చరిత్ర పాఠం కోసం 1837 నుంచి 1901 మధ్య ఇంగ్లండులో ఆపరేషన్లు ఎలా జరిగేవో చదివాను. పిల్లలకు "అప్పట్లో ఎంత ఘోరంగా ఉండేదో చూడండి" అని చెబుదామనుకున్నాను. చదివేకొద్దీ మా పిల్ల పడుకున్న వార్డే కళ్లముందుకొచ్చింది.

అప్పటి సర్జన్ పాత కోటు వేసుకుని ఆపరేషన్ చేసేవాడు. రక్తం ఎండి ఆ కోటు ఎంత గట్టిపడితే అంత అనుభవం ఉన్నట్టు. ఒకరి పుండు తుడిచిన స్పాంజిని తొట్టిలో జాడించి ఇంకొకరికి వాడేవారు. మెడ వంచి మన డ్రెస్సింగ్ ట్రాలీ వైపు ఒకసారి చూడండి. చీములో "మంచి చీము" అని ఒక రకం ఉండేది వాళ్లకు. చిక్కగా, తెల్లగా వస్తే పుండు మానుతోందని సంతోషించేవారు. వాళ్లకు క్రిమి అంటే తెలియదు కాబట్టి ఆ మాట అన్నారు. "మామూలే, టెన్షన్ పడకండి" అన్న మన డాక్టరు గారికి తెలుసు.

1846 డిసెంబరు 21న లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్ ఈథర్ మత్తు ఇచ్చి ఒక రోగి కాలు తొడ దగ్గర తీసేశాడు. కోత అర నిమిషంలో అయిపోయింది. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫామ్ అనే ఇంకో మత్తుమందు మొదలుపెట్టాడు. 1853లో స్వయంగా రాణికే కాన్పులో జాన్ స్నో క్లోరోఫామ్ ఇచ్చాడు. నొప్పి పోయింది కదా, ఇక ఆపరేషన్ అంటే భయం లేదనుకున్నారు. కానీ నొప్పి లేకపోయేసరికి ఆపరేషన్లు పెరిగాయి, చేతులు మాత్రం అవే మురికి చేతులు. రోగి బల్ల మీద బతికి, వారం తర్వాత వార్డులో పోయేవాడు.

ఇది మారింది ఎలాగంటే, కొందరు మొండిగా చావులు లెక్కపెట్టారు కాబట్టి. నాకు ఇందులో బాగా పట్టుకున్న విషయం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ, రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో బాలింతలు ఎక్కువగా పోతున్నారని ఊళ్లో కూడా తెలుసు. అందులో వేయొద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. సెమ్మెల్‌వైస్ అనే కుర్ర డాక్టరు నెలనెలా రాసిన చావుల పట్టికలు ముందేసుకుని కూర్చున్నాడు. శవాల గదిలో కోతలు కోసి, అవే చేతులతో డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని తేల్చాడు. 1847 మే నెలలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జులైకి నూటికి ఒకరి దగ్గరికి వచ్చింది. క్రిమి అనే మాట కూడా అతనికి తెలియదు. అతని చేతిలో ఉన్నది రిజిస్టరు ఒక్కటే. మన దగ్గర లేనిది కూడా అదొక్కటే.

క్లోరోఫామ్ సింప్సన్ కూడా అదే పని చేశాడు. పల్లెల్లో పనిచేసే డాక్టర్లకు ఉత్తరాలు రాసి లెక్కలు తెప్పించుకుని 1869లో అచ్చు వేశాడు. పెద్ద ఆసుపత్రుల్లో కాలో చెయ్యో తీసేసిన 2,089 మందిలో 855 మంది చనిపోయారు. పల్లెల్లో, ఇళ్లల్లో అదే ఆపరేషన్ చేయించుకున్న 2,098 మందిలో 226 మందే పోయారు. పేరు గొప్ప సర్జన్లున్న ఆసుపత్రి కన్నా పూరింట్లో వంటబల్లే నయమని తేలింది. డబ్బున్నవాళ్లు అప్పట్లో ఇంటికే సర్జన్‌ను పిలిపించుకునేవారు. ఆసుపత్రి బీదవాళ్లకు. (మన నాయకులకు జలుబు చేస్తే ఏ ఆసుపత్రికి వెళ్తారో ఇక్కడ నేను రాయను.)

గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కథ మీ అందరూ చదువుకున్నదే. 1865 ఆగస్టు 12న 11 ఏళ్ల పిల్లవాడి కాలి మీద బండిచక్రం ఎక్కింది. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అలాంటి కాలు తీసేయడమే అప్పటి పద్ధతి. కార్లైల్ ఊళ్లో మురుగు కంపు పోవడానికి కార్బాలిక్ యాసిడ్ వాడుతున్నారని లిస్టర్ విన్నాడు, క్రిముల వల్లే కుళ్లు పడుతుందని పాశ్చర్ రాసింది చదివాడు. ఆ యాసిడ్‌లో ముంచిన గుడ్డ కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పితే చీము లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. ఆ పద్ధతికి ముందు అతని వార్డులో అవయవం తీసేసిన 35 మందిలో 16 మంది పోతే, తర్వాత 40 మందిలో ఆరుగురే పోయారు. రెండు అంకెలూ, పాత చావులతో సహా, 1870లో తనే అచ్చు వేసుకున్నాడు. ఆసుపత్రి యాజమాన్యానికి కోపం వచ్చింది, మా పరువు తీశావంటూ పత్రికకు రాసింది. అతను వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. లిస్టర్ దగ్గర ఒక్క యాంటీబయోటిక్ కూడా లేదు. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను చూసిందే 1928లో.

ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మాత్రం మీరు మరిచిపోలేదు. ఏటా మే 12న, నర్సుల దినోత్సవం రోజు, మాకు కొవ్వొత్తులు పట్టించి ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటోలు తీస్తారు. ఆవిడ చేతిలో దీపం అందరికీ గుర్తుంది, లెక్కల కాగితం గుర్తులేదు. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి ఆడమనిషి ఆవిడ. అన్ని ఆసుపత్రులూ ఒకే రకం ఫారాల్లో రోగుల లెక్కలు రాయాలని 1860లోనే అడిగింది. ఆ అడిగిందే నేనూ అడుగుతున్నాను, 160 ఏళ్లు దాటాక.

ఇక నా డిమాండ్లు. ప్రతిదానితో పాటు అది లేకపోతే ఎవరి ఇంట్లో ఏమవుతుందో కూడా రాస్తున్నాను.

1. ప్రతి ఆపరేషన్‌కూ 30 రోజుల లెక్క రాయాలి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. విక్టోరియా కాలంలో సిజేరియన్ అంటే తల్లి మీద ఆశ వదులుకోవడమే. 1882లో జర్మనీలో జేంగర్ అనే డాక్టరు గర్భసంచికి కుట్లు వేయడం నేర్పాక గానీ దారి పడలేదు. ఇప్పుడు బతుకుతున్నారు, దానికి మీకు దండం పెడతాను. కానీ ఇంటికెళ్లాక కుట్లు విడిపోయిన తల్లి ఏమవుతోంది? మీ దగ్గరికి రాదు. భయపడి, సిగ్గుపడి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది, లేకపోతే అప్పుచేసి ప్రైవేటుకు వెళ్తుంది. మీ కాగితాల్లో ఆమె "కోలుకుని డిశ్చార్జ్". దీనికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. కాన్పయ్యాక ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఎలాగూ ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తుంది. ఆ ఫారంలో "తల్లి కుట్లు ఎలా ఉన్నాయి" అని ఒక గడి పెట్టండి. హెర్నియా, అపెండిక్స్, గర్భసంచి ఆపరేషన్ల వాళ్లకు వారానికొకసారి ఫోన్ చేయండి. నెలాఖరున థియేటర్ బయట బోర్డు మీద రెండే అంకెలు రాయండి: ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని చీము పట్టాయి. మొదటి ఏడాది ఆ అంకె చూసి ఎవరినీ శిక్షించొద్దు. శిక్షిస్తే అబద్ధాలు రాస్తారు, నేనైనా అంతే చేస్తాను.

2. వార్డులో నీళ్లు. థియేటర్‌లో స్క్రబ్ (సర్జన్లు చేతులు కడుక్కునే చోటు) దగ్గర నీళ్లుంటాయి, సర్జన్ గారు అడుగుతారు కాబట్టి. వార్డులో అడిగేవాళ్లు లేరు. కుట్లు విప్పేది, డ్రెస్సింగ్ చేసేది వార్డులోనే. కొళాయిలో నీళ్లు రాని రోజు డ్రెస్సింగ్ రూమ్ తాళం వేసి, ఇంజనీరింగ్ విభాగానికి కబురు పంపే అధికారం వార్డు సిస్టర్‌కు ఇవ్వండి. అప్పుడు పైపు గంటలో బాగవుతుంది.

3. ఆటోక్లేవ్. పాశ్చర్ దగ్గర పనిచేసిన షాంబర్లాన్ దీన్ని 1879లో తయారుచేశాడు. మనింట్లో కుక్కర్‌కు పెద్దన్నలాంటిది. 121 డిగ్రీల ఆవిరి, 15 పౌండ్ల ప్రెషర్, చాలినంత సేపు, అంతే సంగతి. ఇందులో రాకెట్ సైన్సేం లేదు, రాత్రి కరెంటు పోతే ఆగని లైను కావాలి, అంతే. ప్రతి డ్రమ్ము టేప్ ముక్కనూ ఊడదీసి, ఆ డ్రమ్ము వాడిన పేషెంట్ కేస్‌షీట్‌లో అంటించమని ఆర్డర్ ఇవ్వండి. జిగురు సీసా ఖర్చు తప్ప ఏమీ లేదు. లేత గీతలున్న టేప్‌ను కేస్‌షీట్‌లో అంటించడానికి ఎవరికీ చెయ్యి రాదు. వారానికొకసారి బయలాజికల్ ఇండికేటర్ పరీక్ష (మొండి క్రిములను లోపల పెట్టి చచ్చాయో లేదో చూసేది) కూడా చేయించండి, టేప్ ఒక్కటే చాలదు.

4. బ్లేడూ, బస్తాడు ఇంజెక్షన్లూ. ఆపరేషన్ ముందురోజు రాత్రి వార్డులో బ్లేడుతో గొరగడం ఇంకా చాలాచోట్ల ఉంది. కంటికి కనబడని గాట్లు పడతాయి, తెల్లారేసరికి వాటిలో క్రిములు చేరతాయి. గొరగవద్దని, తప్పనిసరైతే క్లిప్పర్ (చర్మం తెగకుండా వెంట్రుకలు కత్తిరించే మిషను) వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. యాంటీబయోటిక్ కోతకు ముందు రెండు గంటల్లోపు ఇవ్వాలని, ఆపరేషన్ అయ్యాక ముందు జాగ్రత్త పేరుతో రోజుల తరబడి పొడిగించొద్దని కూడా అదే చోట చెప్పింది. మన దగ్గర ఏం జరుగుతోంది? కోతకు ముందు ఇవ్వాల్సింది మరిచిపోయి, తర్వాత ఏడు రోజులు పొడుస్తాం. చేతులు కడగని తప్పుకు ఇంజెక్షన్‌తో పరిహారం. మా పిల్లకు మొదట ఇచ్చిన మూడు మందులకూ ఆ క్రిమి లొంగలేదు. నాలుగోది ఆసుపత్రి స్టోర్‌లో లేదు, బయట కొన్నాం. మందులకు లొంగని క్రిమి పెరిగితే మనం మళ్లీ లిస్టర్ ముందు కాలానికే వెళ్తాం. ఈసారి ఇళ్లల్లో వంటబల్ల మీద ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా ఉండరు.

5. మత్తు డాక్టరు. 1848 జనవరిలో న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి క్లోరోఫామ్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. అలా ఎందుకు పోతున్నారన్న ప్రశ్న మన హైదరాబాద్ దాకా వచ్చింది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడి వైద్య పాఠశాలలో పాఠం చెబుతూ, 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. రెండోసారి నిజాం డబ్బుతో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరును రప్పించారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తేల్చారు. అది పూర్తి నిజం కాదని 1911లో లెవీ అనే డాక్టరు చూపించాడు, క్లోరోఫామ్ గుండెను నేరుగా దెబ్బతీయగలదని. పొరపాటైతే అయింది, కానీ పేషెంట్ ఎందుకు పోయాడని అడగడానికి డబ్బు ఖర్చుపెట్టారు, జవాబు నలుగురూ తప్పుపట్టేలా అచ్చు వేశారు. ఆ హైదరాబాద్ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఒకరు. అంత పేరున్న చోట ఇవాళ ఏరియా ఆసుపత్రిలో ఒక్క మత్తు డాక్టరు మూడు టేబుళ్ల మధ్య పరుగెత్తుతున్నారు. వారు సెలవు పెడితే నొప్పులు పడుతున్న మనిషిని అంబులెన్స్ ఎక్కించి 70 కిలోమీటర్లు పంపుతాం. ఖాళీలు నింపే తేదీ చెప్పండి. "ప్రక్రియలో ఉంది" అనే జవాబు వద్దు.

6. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు. లిస్టన్ అర నిమిషంలో కాలు కోశాడంటే, అంతకుముందు దాకా రోగి స్పృహలో ఉండి కేకలు పెట్టేవాడు కాబట్టి అలవాటైన వేగం అది. మనకు ఆ అవసరం ఏముంది? 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని అధికారులే చెప్పారు. రోగమేమీ లేకుండా నడిచొచ్చిన తల్లులు వాళ్లు, ఇంట్లో చిన్నచిన్న పిల్లలు. ఒక పరికరం వాడి, కడిగి, క్రిములు చావడానికి పట్టే సమయం గడియారం ప్రకారం ఉంటుంది, టార్గెట్ ప్రకారం ఉండదు. ఒక్కో పరికరాల సెట్టుకు రోజుకు ఎన్ని కేసులో ముందే రాసి గోడకు అంటించండి. అది దాటితే ఎవరు ఫోన్ చేసినా ఆపరేషన్ ఆపే హక్కు థియేటర్ సిస్టర్‌కు ఉండాలి.

7. చెక్‌లిస్ట్. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని టిక్కు పెట్టే ఒక పేజీ కాగితం ఇది. 2007-08లో ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ప్రయత్నించి చూసి, 2009లో ఫలితం అచ్చు వేశారు. ఆపరేషన్ తర్వాత చావులు నూటికి ఒకటిన్నర నుంచి 0.8కి తగ్గాయి. మన దగ్గర ఆ కాగితం ఉంది. సాయంత్రం అన్ని కేసులకూ కలిపి ఒకే పెన్నుతో టిక్కులు పెట్టేస్తారు. నేనూ పెట్టాను, ఒప్పుకుంటున్నాను.

8. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. నా అర్జీ మీద మీరు తీసుకున్న చర్య ఒకే ఒక్కటి. ఆ రోజు డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు నర్సుకు మెమో ఇచ్చారు. కరెంటు లేదని నిజం చెప్పిన అమ్మాయికి. నీళ్ల పైపు ఎవరిది, జనరేటర్ ఎవరిది, 40 మందికి ఒక్క సిస్టర్ అని రోస్టర్ వేసింది ఎవరు? వాళ్లెవరికీ కాగితం పోలేదు. ఇప్పుడు ఆ వార్డులో ఏం అడిగినా "మాకేం తెలియదమ్మా" అంటున్నారు. ఆ మెమో వెనక్కి తీసుకోండి. తీసుకున్నట్టు ఆమెకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆమె ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

డబ్బులేదనే మాట వస్తుందని తెలుసు. పైన అడిగినవాటిలో ఐదో నంబరు, కరెంటు లైను తప్ప మిగతావన్నీ సబ్బు, జిగురు, పెన్ను, బోర్డు ఖర్చుతో అయ్యేవే. కార్పొరేట్‌లో రోబో సర్జరీ అని బోర్డులు చూస్తున్నాను, సంతోషమే. ఒక రోబో ధరలో ఎన్ని వార్డులకు కొళాయిలు వస్తాయో మీ అకౌంట్స్ సెక్షన్ నాకన్నా బాగా లెక్కగట్టగలదు.

సర్జన్లకు విడిగా ఒక మాట. మీ చెయ్యి మీద మాకు నమ్మకముంది. కానీ ఆపరేషన్ అయ్యాక మీ పేషెంట్ ఏమైందో మీకే తెలియకుండా చేస్తున్న పద్ధతి మీకూ అన్యాయమే. లెక్క రాయమని మీరు అడిగితే అధికారులు కాదనలేరు. నేనడిగితే రసీదు ఇస్తారు.

ఈ లేఖతో పాటు నా మొదటి అర్జీ, ప్రజావాణి రసీదు, సమాచార హక్కు జవాబు కాపీలు జతచేస్తున్నాను. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. అప్పటికీ రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అప్పీలుకు వెళ్తాను. ఆ మూడు టేప్ ముక్కలూ తేదీలు వేసిన కవర్‌లో నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ రోజు రమ్మంటే ఆ రోజు పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు